రాయనివ్వని సిస్టమ్‌లో మన మార్పులు ఎక్కడ పెట్టాలి?

టీవీ వెనక రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు తగిలించి, అందులో లిబ్రెలెక్ (కోడి అనే సినిమా ప్లేయర్‌ని నడపడానికే కట్టిన లినక్స్ సిస్టమ్) వేసుకున్న పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలివి. చాలామంది ఒకే చోట ఆగిపోయారు. సినిమాలు బాగానే ఆడుతున్నాయి కానీ ఏదైనా చిన్న మార్పు చేద్దామంటే సిస్టమ్ ఒప్పుకోవడం లేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను. ఫైళ్ల పేర్లు, కమాండ్లు ఇక్కడ తెలుగులో పలికినట్టే రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి, పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెబుతాను.

ప్రశ్న: సార్, రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు మీద లిబ్రెలెక్ 12 వేశాను. ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి కమాండ్లు ఇచ్చే దారి) ద్వారా రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా లాగిన్ అయ్యాను. ప్రోగ్రాములు ఎక్కించే ఆప్ట్ ఇన్‌స్టాల్ అని కొడితే అలాంటి కమాండే లేదంటోంది. ఈటీసీ ఫోల్డర్‌లో ఒక ఫైల్ మార్చబోతే రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్ అంటోంది. రాయడానికి వీలుగా మళ్లీ తగిలించే రీమౌంట్ కమాండ్ ఇచ్చి చూశాను, అదీ కుదరలేదు. రూట్‌కే అనుమతి లేకపోతే ఇంకెవరికి ఉంటుందండీ?
(రాజమహేంద్రవరం)

జవాబు: మీకు అనుమతి ఉంది. అక్కడ రాయడానికి చోటే లేదు. లిబ్రెలెక్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం, అంటే ప్రోగ్రాములు, లైబ్రరీలు, కోడి ప్లేయర్, ఈటీసీ ఫోల్డర్, అన్నీ కలిపి 'సిస్టమ్' అనే ఒకే ఒక్క ఫైల్‌లో కుదించి పెట్టారు. ఆ ఫైల్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని ఫార్మాట్ స్క్వాష్‌ఎఫ్‌ఎస్. ఈ ఫార్మాట్‌లో చదవడం తప్ప రాయడం అన్న పనే లేదు, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోని ఆ డ్రైవర్‌కు రాయడం రాదు. కాబట్టి రీమౌంట్ చేసినా, రూట్ అయినా, ఇంకెవరైనా ఫలితం ఒకటే. అచ్చయిపోయిన పుస్తకంలో వాక్యం మార్చాలనుకోవడం లాంటిది, మార్చాలంటే మళ్లీ అచ్చు వేయాల్సిందే.

మీ కార్డులో రెండు భాగాలు ఉన్నాయి. మొదటిది ఫ్లాష్, మామూలుగా 512 మెగాబైట్లు, ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది. కెర్నెల్, పైన చెప్పిన సిస్టమ్ ఫైల్, బూట్ సెట్టింగులు అందులో ఉంటాయి. రెండోది స్టోరేజ్, కార్డులో మిగిలిన జాగా అంతా దానిదే, ఈఎక్స్‌టీ4 ఫార్మాట్. ఇది పూర్తిగా మీది. రూట్ యూజర్ హోమ్ ఫోల్డర్ కూడా ఇదే, అందుకే లాగిన్ అవగానే మీరు నిలబడేది స్టోరేజ్‌లోనే.

ఇలా ఎందుకు కట్టారంటే, టీవీ బాక్స్‌ని ఎవరూ పద్ధతిగా షట్‌డౌన్ చేయరు. ప్లగ్ పీకేస్తారు, లేదా కరెంటు పోతుంది. మన ఊళ్లలో వేసవి సాయంత్రం ఎన్నిసార్లు పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మామూలు లినక్స్‌లో సిస్టమ్ ఫైళ్లు, లాగ్‌లు, అప్‌డేట్లు అన్నీ ఒకే చోట రాసుకుంటూ ఉంటే సరిగ్గా రాస్తున్న క్షణంలో కరెంటు పోయినప్పుడు బూటే కాకుండా పోయే ప్రమాదం ఉంది. ఇక్కడ సిస్టమ్ ఫైల్‌ని ఎవరూ ముట్టుకోరు కాబట్టి కరెంటు పోయిన ప్రతిసారీ అది అలాగే చెక్కుచెదరకుండా ఉంటుంది. వార్ అనే ఫోల్డర్ ర్యామ్‌లో ఉంటుంది, సిస్టమ్ లాగ్‌లు అక్కడే రాసుకుని రీబూట్‌తో పోతాయి, దాంతో కార్డు అరుగుదల కూడా తగ్గుతుంది. అప్‌డేట్ చేయడమంటే పాత సిస్టమ్ ఫైల్ తీసేసి కొత్తది పెట్టడం, అంతే. స్టోరేజ్ జోలికి రాదు. 2009లో ఓపెనెలెక్ మొదలైనప్పటి నుంచి ఇదే కట్టుబడి, 2016లో దాన్నుంచి విడిపోయి వచ్చిన లిబ్రెలెక్ కూడా దాన్ని వదల్లేదు, మంచిపని చేశారు.

ఇక మీ పని ఎలా జరగాలి? ఈటీసీలో ఏ ఫైల్ మార్చాలనుకున్నారో రాయలేదు కాబట్టి అందరూ అడిగేవి చెబుతాను. స్టోరేజ్‌లో 'డాట్ కాన్ఫిగ్' అనే ఫోల్డర్ ఉంది, పేరు ముందు చుక్క ఉండటం వల్ల మామూలుగా కనిపించదు, ఎల్‌ఎస్ కమాండ్‌కి మైనస్ ఎ కలిపి చూడండి. అందులో 'హోస్ట్స్ డాట్ కాన్ఫ్' పెడితే ఈటీసీలోని హోస్ట్స్ ఫైల్‌లో కలుస్తుంది. 'శాంబా డాట్ కాన్ఫ్' పెడితే నెట్‌వర్క్ షేరింగ్ మీ ఇష్టప్రకారం నడుస్తుంది, నమూనా ఫైల్ అక్కడే ఉంది. కెర్నెల్ మాడ్యూళ్లకు 'మోడ్‌ప్రోబ్ డాట్ డి', పరికరాల నియమాలకు 'యూడెవ్ డాట్ రూల్స్ డాట్ డి', సర్వీసులకు 'సిస్టమ్ డాట్ డి' అనే ఫోల్డర్లు ఉన్నాయి. డాంగిల్‌కి ఫర్మ్‌వేర్ కావాలంటే 'ఫర్మ్‌వేర్' ఫోల్డర్ ఉంది. సిస్టమ్ బూట్ అయ్యేటప్పుడు వీటన్నిటినీ తనే వెతుక్కుని చదువుకుంటుంది. కాబట్టి ఈటీసీలో ఫలానా ఫైల్ మార్చాలి అని ఎక్కడైనా చదివినప్పుడు, అదే పనికి డాట్ కాన్ఫిగ్‌లో చోటు ఉందా అని ముందు చూడండి. నాకు తెలిసినంతలో పదిలో తొమ్మిది పనులకు ఉంటుంది.

ఎస్‌ఎస్‌హెచ్ అంటే టెన్షన్ పడేవాళ్లకు ఇంకో దారి. శాంబా ఆన్ చేసి ఉంటే ఇంట్లోని విండోస్ కంప్యూటర్ నుంచే 'కాన్ఫిగ్‌ఫైల్స్' అనే షేర్ కనిపిస్తుంది, అది ఈ డాట్ కాన్ఫిగ్ ఫోల్డరే.

ప్రశ్న: బూట్ అవగానే నా స్క్రిప్ట్ ఒకటి నడవాలి. ఆటోస్టార్ట్ ఫైల్‌లో పెట్టాను. ఇప్పుడు లోగో దగ్గరే ఆగిపోయి కోడి రావడం లేదు. మళ్లీ మొదటి నుంచి వేయాలా?
(నిజామాబాద్)

జవాబు: అక్కర్లేదు. 'ఆటోస్టార్ట్ డాట్ ఎస్‌హెచ్' అనే ఫైల్ కోడి కంటే ముందు నడుస్తుంది, అది ముగిసేదాకా కోడి ఎదురుచూస్తుంది. మీ స్క్రిప్ట్‌లో ఎప్పటికీ ముగియని లూప్ ఏదో ఉంది, లేదా నెట్‌వర్క్ కోసం కాచుక్కూర్చుంది. ఆ భాగం మొత్తాన్ని బ్రాకెట్లలో పెట్టి, మూసే బ్రాకెట్ తర్వాత & (యాంపర్‌శాండ్) గుర్తు వేయండి, అప్పుడది వెనక నడుస్తుంది, కోడి తన దారిన తను వస్తుంది. టీవీలో ఏమీ కనిపించకపోయినా ఎస్‌ఎస్‌హెచ్ ఆన్ చేసి ఉంటే అది పనిచేస్తూనే ఉండాలి, దానితో లోపలికి వెళ్లి ఫైల్ పేరు మార్చేసి రీబూట్ చేస్తే బయటపడతారు.

ఇంకో మాట. ఆ ఫైల్‌ని విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి ఉంటే లైన్ చివర్లు విండోస్ పద్ధతిలో ఉంటాయి, లినక్స్ షెల్‌కి అవి నచ్చవు, ఎక్కడో అర్థం కాని ఎర్రర్ ఇస్తుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లాంటి ఎడిటర్‌లో లైన్ ఎండింగ్‌ను యూనిక్స్‌గా మార్చి సేవ్ చేయండి. ఈ ఒక్క కారణంతో వచ్చే ఉత్తరాలు చాలా ఎక్కువ.

ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన పని అయితే ఆటోస్టార్ట్ కన్నా సిస్టమ్‌డీ (సర్వీసులను మొదలుపెట్టి నడిపించే ప్రోగ్రామ్) సర్వీస్ రాయడం మేలు. 'సిస్టమ్ డాట్ డి' ఫోల్డర్‌లో సర్వీస్ ఫైల్ పెట్టి సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ అని ఒకసారి చెబితే చాలు. పని ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టమని కూడా అందులోనే రాయొచ్చు, ఏం జరిగిందో జర్నల్‌సీటీఎల్‌లో కనిపిస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఇంకో కంప్యూటర్‌లో సినిమాలున్న షేర్ ఉంది. ఒక్కోసారి బాక్స్ ఆన్ చేసినప్పుడు లైబ్రరీ కనిపిస్తుంది కానీ ఏది నొక్కినా ఫైల్ దొరకలేదు అంటుంది. రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. హార్డ్ డిస్క్ పెట్టినా ఒక్కోసారి ఇదే గోల.
(తెనాలి)

జవాబు: వై-ఫై కలవకముందే కోడి లేచి షేర్ కోసం వెతుకుతోంది. సెట్టింగ్స్‌లో లిబ్రెలెక్ అనే విభాగం ఉంది, దాని నెట్‌వర్క్ పేజీలో కోడి మొదలయ్యే ముందు నెట్‌వర్క్ కోసం ఆగమనే ఆప్షన్ ఉంది. ముందు అది ఆన్ చేయండి, సగం మందికి అక్కడితో తీరిపోతుంది.

ఇంకా ఇబ్బంది ఉంటే షేర్‌ని కోడి చేత కాకుండా సిస్టమ్ చేతే మౌంట్ చేయించండి. 'సిస్టమ్ డాట్ డి' ఫోల్డర్‌లో మౌంట్ యూనిట్ల నమూనాలు ఉన్నాయి. విండోస్ తరహా షేర్లకు వాడే సీఐఎఫ్‌ఎస్ నమూనాని కాపీ చేసుకుని మీ కంప్యూటర్ ఐపీ, షేర్ పేరు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ నింపండి. ఇక్కడ ఒక నియమం కచ్చితంగా పాటించాలి, యూనిట్ ఫైల్ పేరు మౌంట్ అయ్యే దారితో సరిపోవాలి. స్టోరేజ్ లోపల 'సినిమా' అనే ఫోల్డర్‌లో మౌంట్ కావాలంటే ఫైల్ పేరు 'స్టోరేజ్-సినిమా డాట్ మౌంట్' అయి తీరాలి, వేరే పేరు పెడితే సిస్టమ్‌డీ తిరస్కరిస్తుంది. అటువైపు కంప్యూటర్ ఐపీ రోజుకొకటి మారకుండా రౌటర్‌లో రిజర్వ్ చేసి పెట్టుకోండి.

హార్డ్ డిస్క్ సంగతి వేరు. అది వార్ లోపలి మీడియా ఫోల్డర్ కింద దానంతటదే మౌంట్ అవుతుంది, ఏ పేరుతో అంటే డిస్క్‌కి పెట్టిన లేబుల్ పేరుతో. లేబుల్ లేకపోతే సిస్టమ్ అప్పటికి తోచిన పేరు ఇస్తుంది, వేరే పెన్‌డ్రైవ్ కూడా పెట్టి ఉంటే అది మారిపోవచ్చు. కాబట్టి డిస్క్‌కి ఒక లేబుల్ పెట్టి, ఆ దారినే లైబ్రరీలో మళ్లీ చేర్చండి.

ప్రశ్న: తెలుగు సబ్‌టైటిల్స్ డబ్బాలు డబ్బాలుగా వస్తున్నాయి. ఫాంట్ ఎక్కిద్దామంటే యూఎస్‌ఆర్ ఫోల్డర్‌లో రాయనివ్వడం లేదు. అమ్మ కోసం పెట్టిన బాక్స్ ఇది, ఆవిడకి తెలుగు తప్ప రాదు.
(అనంతపురం)

జవాబు: ఈ ప్రశ్న వచ్చినందుకు సంతోషం. తెలుగు మాత్రమే చదివేవాళ్ల కోసం ఇంట్లో ఇంత శ్రద్ధ పెట్టేవాళ్లకు ఎంత వివరంగా చెప్పినా తక్కువే.

ముందు తెర మీద ఏం కనిపిస్తోందో సరిగ్గా చూడండి. అక్షరానికో ఖాళీ డబ్బా కనిపిస్తే ఫాంట్‌లో తెలుగు లేదని అర్థం. ప్రశ్నార్థకాలు వరసగా కనిపిస్తే సబ్‌టైటిల్ ఫైలే పాడయింది, ఎవరో దాన్ని తెలుగు పట్టని ఏఎన్‌ఎస్‌ఐ అనే పాత పద్ధతిలో సేవ్ చేశారు, తెలుగు అక్షరాలు అప్పుడే పోయాయి, ఇక తిరిగి రావు, వేరే ఫైల్ వెతుక్కోవాలి. ఇంగ్లిష్ అక్షరాల మీద కొమ్ములు, చుక్కలు ఉన్న పిచ్చి రాత కనిపిస్తే ఫైల్ బాగానే ఉంది, దాన్ని తెలుగు పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో కాకుండా కోడి వేరేలా చదువుతోంది, సబ్‌టైటిల్ సెట్టింగ్స్‌లో క్యారెక్టర్ సెట్ మార్చితే చాలు.

మీది మొదటి రకం. స్టోరేజ్ లోపల 'డాట్ కోడి' ఫోల్డర్, దానిలో 'మీడియా', దానిలో 'ఫాంట్స్' అనే ఫోల్డర్ ఉండాలి, లేకపోతే తయారుచేయండి. ఈ చివరి పేరులో మాత్రం మొదటి అక్షరం ఎఫ్ పెద్దదిగా ఉండాలి, లినక్స్‌కి పెద్ద చిన్న అక్షరాలు వేరు వేరు. మీకు నచ్చిన తెలుగు ఫాంట్ ఫైల్‌ని అందులో వేయండి. నోటో శాన్స్ తెలుగు ఉంది, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఉచిత ఫాంట్లూ ఉన్నాయి. దూరం నుంచి చదవడానికి మండలి నాకు హాయిగా అనిపిస్తుంది, రామభద్ర మరీ లావు, రెండు లైన్లు వచ్చినప్పుడు వత్తులు ఇరుక్కుపోతాయి. తర్వాత ప్లేయర్ సెట్టింగ్స్‌లో సబ్‌టైటిల్స్ కింద ఫాంట్ జాబితాలో అది కనిపిస్తుంది, ఎంచుకోండి, సైజు పెంచండి.

2023 జనవరిలో వచ్చిన కోడి 20 నుంచి మామూలు ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్స్‌ని కూడా లిబ్‌యాస్ అనే లైబ్రరీ చేత గీయిస్తున్నారు. దానికి అక్షరాలను కలిపి రాయడం వచ్చు, వత్తులు, గుణింతాలు చోటు తప్పవు. మీ లిబ్రెలెక్ అంతకంటే పాతదైతే ముందు అప్‌డేట్ చేయండి, పాత వెర్షన్‌లో ఫాంట్ ఎంత మంచిదైనా 'స్త్రీ' అన్న అక్షరం ముక్కలుగానే వస్తుంది.

సినిమా పేర్లు మెనూల్లో కూడా తెలుగులో కావాలంటే పని కొంచెం పెరుగుతుంది. స్కిన్ (కోడి తెర రూపం) సెట్టింగ్స్‌లో ఏరియల్ ఆధారిత ఫాంట్‌కి మార్చి చూడండి. దానితో కుదరకపోతే, కోడితో వచ్చే ఎస్చువరీ స్కిన్ ఫోల్డర్ మొత్తాన్ని యూఎస్‌ఆర్ నుంచి డాట్ కోడి లోపలి యాడాన్స్ ఫోల్డర్‌కి కాపీ చేయండి, ఫోల్డర్ పేరూ, అందులోని 'యాడాన్ డాట్ ఎక్స్‌ఎంఎల్' ఫైల్‌లో ఐడీ, పేరు మార్చండి, మీ తెలుగు ఫాంట్‌ని దాని ఫాంట్స్ ఫోల్డర్‌లో వేసి 'ఫాంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్'లో (ఇక్కడా మొదటి ఎఫ్ పెద్దది) పాత ఫాంట్ పేర్ల బదులు దాని పేరు రాయండి. ఇంగ్లిష్ అక్షరాలు కూడా ఉన్న ఫాంట్ తీసుకోండి, లేకపోతే ఈసారి ఇంగ్లిష్ పేర్లు డబ్బాలవుతాయి. రీబూట్ తర్వాత యాడాన్ల జాబితాలో ఈ కొత్త స్కిన్ ఆపేసి ఉంటుంది, చేత్తో కాపీ చేసిన వాటిని కోడి తనంతట తాను ఆన్ చేయదు, మీరే ఎనేబుల్ చేయాలి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చినప్పుడు బాక్స్ దానంతటదే ఆన్ అవుతుంది కానీ తర్వాత టీవీ ఆన్ చేస్తే ఖాళీ తెర. రిమోట్ కోసం ఐఆర్ రిసీవర్ కూడా కొన్నాను, కాన్ఫిగ్ ఫైల్‌లో లైన్ చేర్చాలట, సేవ్ కావడం లేదు.
(వరంగల్)

జవాబు: టీవీ ఆఫ్‌లో ఉండగా బాక్స్ లేస్తే అవతల ఏ తెర ఉందో దానికి తెలియదు. టీవీ ఆన్ చేసి, చిత్రం సరిగ్గా వస్తున్నప్పుడు ఎస్‌ఎస్‌హెచ్‌లో గెట్‌ఈడిడ్ క్రియేట్ అనే కమాండ్ ఇచ్చి రీబూట్ చేయండి. టీవీ వివరాలు దాచుకుని ఇకమీదట టీవీ ఉన్నట్టే బూట్ అవుతుంది. టీవీ మార్చితే మళ్లీ చేయాలి. పాత వ్యాసాల్లో కనిపించే హెచ్‌డీఎంఐ ఫోర్స్ హాట్‌ప్లగ్ లైన్ ఇప్పటి డ్రైవర్లతో పనిచేయదు, దానితో కుస్తీ పట్టకండి.

'కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీ' ఉండేది ఫ్లాష్ భాగంలో. అది ఫ్యాట్ కాబట్టి ఇక్కడ మాత్రం రీమౌంట్ పనిచేస్తుంది, మౌంట్ కమాండ్‌కి మైనస్ ఓ, రీమౌంట్ కామా ఆర్‌డబ్ల్యూ, స్లాష్ ఫ్లాష్ అని ఇవ్వండి, పని అయ్యాక ఆర్‌ఓ అని మళ్లీ మూసేయండి. తెరిచి వదిలేస్తే కరెంటు పోయినప్పుడు ఇంతసేపూ చెప్పుకున్న రక్షణ అంతా పోతుంది. కార్డు తీసి వేరే కంప్యూటర్‌లో పెట్టి మార్చినా ఫర్వాలేదు. ఐఆర్‌కి జీపీఐఓ-ఐఆర్ ఓవర్‌లే లైన్ చేర్చాలి, రిసీవర్ డేటా తీగ బోర్డు మీది 18వ జీపీఐఓ పిన్నుకి పెట్టారనుకుంటే ఇంకేమీ మార్చక్కర్లేదు. పక్కనే ఉండే 'డిస్ట్రోకాన్ఫిగ్' ఫైల్‌ని ముట్టుకోకండి, అప్‌డేట్ వచ్చినప్పుడు దాన్ని తిరగరాస్తుంది, మీ కాన్ఫిగ్ ఫైల్‌ని మాత్రం అలాగే ఉంచుతుంది. టీవీ రిమోట్‌తోనే నడిపించడం సరిపోతుందనుకుంటే సీఈసీ అనే సదుపాయం ఉంది, చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ తీగ ద్వారానే పనిచేస్తుంది, ఒకసారి చూడండి.

ప్రశ్న: యూఎస్‌ఆర్ లోపల ఒకే ఒక్క పైథాన్ ఫైల్ మార్చాలి, దానికి డాట్ కాన్ఫిగ్‌లో ప్రత్యామ్నాయం లేదు. సిస్టమ్ ఫైల్‌ని విప్పి, మార్చి, మళ్లీ కుదించి పెట్టాను, బాగానే పనిచేసింది. మొన్న అప్‌డేట్‌తో మొత్తం పోయింది. ప్రతిసారీ ఇదే చేయాలా?
(ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ఒక ఫైల్ కోసం అంత పని వద్దండి. ఆ ఫైల్‌ని స్టోరేజ్‌లోకి కాపీ చేసుకుని అక్కడ మార్చండి, ఆటోస్టార్ట్‌లో మౌంట్ మైనస్ మైనస్ బైండ్ అని రాసి, ముందు మీ ఫైల్ దారి, తర్వాత అసలు ఫైల్ దారి ఇవ్వండి. అసలు ఫైల్ కదలకుండా దాని మీద మీది కప్పుకుంటుంది. అది చదవబోయిన ప్రతి ప్రోగ్రామూ మీదే చదువుతుంది. ఆ లైన్ తీసేసి రీబూట్ చేస్తే పాతది తిరిగి వస్తుంది. ఆటోస్టార్ట్ కోడి కంటే ముందు నడుస్తుందని చెప్పుకున్నాం కాబట్టి సమయానికి కప్పు సిద్ధంగా ఉంటుంది.

ఒక ఫోల్డర్‌లో కొత్త ఫైళ్లు కూడా చేర్చాలంటే, ఒక ఫోల్డర్ మీద ఇంకోదాన్ని పొరలా కప్పే ఓవర్‌లేఎఫ్‌ఎస్ వాడండి. 2014 చివర్లో వచ్చిన కెర్నెల్ 3.18 నుంచి అది లినక్స్‌లో ఉంది. కింది పొరగా యూఎస్‌ఆర్‌లోని ఫోల్డర్, పై పొరగా స్టోరేజ్‌లోని ఫోల్డర్, దానితోపాటు ఖాళీగా ఉన్న పని ఫోల్డర్ ఒకటి ఇవ్వాలి. పై పొర, పని ఫోల్డర్ రెండూ ఒకే పార్టిషన్‌లో ఉండాలి. మీకు రెండూ స్టోరేజ్‌లోనే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు.

రెండు పద్ధతుల్లోనూ ఒక చిక్కు ఉంది, అది గుర్తు పెట్టుకోవాలి. అప్‌డేట్ తర్వాత కింద ఫైల్ కొత్తదవుతుంది, పైన కప్పింది మీ పాత కాపీ. కోడి పెద్ద వెర్షన్ మారినప్పుడు ఈ రెండూ పొసగక కోడి పడిపోవచ్చు. ఆటోస్టార్ట్‌లో గుడ్డిగా బైండ్ చేయకుండా, అసలు ఫైల్ ఎండీ5 సమ్‌ని (ఫైల్ మారితే తనూ మారే వేలిముద్ర లాంటి సంఖ్య) మీరు కాపీ చేసిన రోజుటి దానితో పోల్చి, సరిపోతేనే కప్పమని రెండు లైన్లు రాయండి. సరిపోకపోతే కప్పదు, బాక్స్ మామూలుగా లేస్తుంది, మీరు తీరిగ్గా చూసుకోవచ్చు.

కెర్నెల్ ఆప్షన్ మార్చాలన్నా, ఒక డ్రైవర్ లోపలే ఉండాలన్నా అప్పుడు సోర్స్ నుంచి సొంత ఇమేజ్ కట్టుకోవడమే సరైన దారి. సోర్స్ గిట్‌హబ్‌లో ఉంది, ఉబుంటు మెషీన్ మీద కట్టొచ్చు, ప్రాజెక్ట్, డివైస్, ఆర్క్ అనే మూడు విలువలు (ఈ మూడు పేర్లూ పెద్ద అక్షరాల్లో) ఇచ్చి మేక్ ఇమేజ్ అంటే చాలు, కాకపోతే డిస్క్ బాగా తింటుంది, మొదటిసారి చాలా గంటలు పడుతుంది. మీ మార్పును ప్యాచ్ ఫైల్‌గా ఉంచుకుంటే తర్వాతి వెర్షన్‌కి కూడా అదే పెట్టి కట్టుకోవచ్చు. వచ్చిన ఇమేజ్‌ని స్టోరేజ్‌లోని 'డాట్ అప్‌డేట్' ఫోల్డర్‌లో వేసి రీబూట్ చేస్తే మామూలు అప్‌డేట్ లాగే ఎక్కుతుంది.

ప్రశ్న: ఇదే బాక్స్‌లో యాడ్ బ్లాకర్, ఫొటోల బ్యాకప్, టోరెంట్, ఇంకా ఒకటి రెండు సర్వర్లు నడపాలని ఉంది. ప్యాకేజీలు ఎక్కించే దారి చెప్పండి.
(కర్నూలు)

జవాబు: లిబ్రెలెక్ సొంత రిపాజిటరీలో డాకర్ యాడాన్ ఉంది, అది వేసుకుంటే కంటైనర్లు (తమకు కావాల్సినవన్నీ తమలోనే ఉన్న ప్రోగ్రాముల పెట్టెలు) స్టోరేజ్‌లో నడుస్తాయి, సిస్టమ్‌ని కదపక్కర్లేదు. మీది ఆమ్‌లాజిక్ చిప్ ఉన్న ఆండ్రాయిడ్ బాక్స్ అయి, 2018లో విడిగా వచ్చిన కోర్‌ఎలెక్ వేసి ఉంటే, అందులో ఇన్‌స్టాల్‌ఎంట్‌వేర్ అనే కమాండ్‌తో ఎంట్‌వేర్ అనే ప్యాకేజీల భాండాగారం వస్తుంది, ఆ తర్వాత ఓపీకేజీ కమాండ్‌తో చిన్న చిన్న టూల్స్ ఎక్కించుకోవచ్చు.

కానీ మీ జాబితా చూస్తే నా సలహా వేరు. ఒకటి రెండు కంటైనర్లయితే సరే, నాలుగైదు సర్వర్లు ఎప్పుడూ కార్డు మీద రాస్తూ ఉంటే ఈ సిస్టమ్ ఎందుకు ఎంచుకున్నామో ఆ లాభమే పోతుంది, పైగా సాయంత్రం సినిమా మధ్యలో టోరెంట్ వల్ల చిత్రం ఆగి ఆగి వస్తుంది. ఆ పనులకు ఇంకో బోర్డు మీద రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వేసి, ఎస్‌ఎస్‌డీ మీద నడపండి. దాని సెట్టింగుల టూల్ రాస్‌పి-కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అనే ఆప్షన్ ఉంది, దానితో అక్కడ కూడా సిస్టమ్ ఫైళ్ల మీద ఏమీ రాయకుండా కాపాడుకోవచ్చు. అయితే అది ఆన్‌లో ఉన్నంతసేపు ఏం మార్చినా ర్యామ్‌లోనే ఉండి రీబూట్‌తో పోతుంది, సర్వర్ల డేటాకి వేరే డిస్క్ తప్పనిసరి.

ప్రశ్న: ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ మార్చలేదు, ప్రమాదమా? ఇన్ని మార్పులు చేశాక కార్డు పాడైతే ఎలా?
(సిద్దిపేట)

జవాబు: మార్చండి, ఈ రోజే. మొదటి నుంచి ఉండే పాస్‌వర్డ్ లిబ్రెలెక్ అన్న పేరే, అందరికీ తెలిసిందే. లిబ్రెలెక్ సెట్టింగ్స్‌లో సర్వీసుల పేజీలో మార్చే వీలుంది. రౌటర్‌లో ఈ బాక్స్‌కి పోర్ట్ ఫార్వర్డింగ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో పెట్టకండి, ఎస్‌ఎస్‌హెచ్‌కీ వద్దు, కోడి వెబ్ పేజీ 8080 పోర్ట్‌కీ వద్దు.

కార్డు సంగతికొస్తే, అదే సెట్టింగ్స్‌లో బ్యాకప్ చేసే బటన్ ఉంది. డాట్ కోడి, డాట్ కాన్ఫిగ్, డాట్ క్యాష్ ఫోల్డర్లను ఒక టార్ ఫైల్‌గా కట్టి స్టోరేజ్ లోపలి బ్యాకప్ ఫోల్డర్‌లో పెడుతుంది. అది కూడా అదే కార్డు మీద ఉంటుంది కాబట్టి వెంటనే వేరే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవాలి, చాలామంది ఈ రెండో పని మర్చిపోతారు. కొత్త కార్డులో లిబ్రెలెక్ వేసి రీస్టోర్ కొడితే ఫాంట్లు, స్క్రిప్టులు, మౌంట్లు అన్నీ వచ్చేస్తాయి. ఫ్లాష్ భాగంలోని కాన్ఫిగ్ ఫైల్, గెట్‌ఈడిడ్ దాచిన వివరాలు ఈ బ్యాకప్‌లో రావు. కాన్ఫిగ్ ఫైల్‌ని విడిగా కాపీ చేసి పెట్టుకోండి, గెట్‌ఈడిడ్ కొత్త కార్డు మీద మళ్లీ నడపండి.